బకెట్లో వచ్చిన కుంట

మడికొండ పక్కన మేము ప్లాటు చూడటానికి వెళ్లిన రోజు బ్రోకరు చెయ్యి బారుగా చాపి, "లేక్ వ్యూ మేడం" అన్నాడు. అతను చూపించిన వైపు పచ్చగా, నిండుగా, లేత ఊదారంగు పూలతో ఒక తోటలాంటిది కనిపించింది. నేను హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుంటాను. నీళ్లను సీసాలో పోసి ఇస్తే వాటి జాతకమంతా చెప్పగలను గానీ, అలా పూలదుప్పటి కప్పుకుని పడుకుంటే గుర్తుపట్టలేను. ఇల్లు కట్టి, పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించుకుని, సామాన్లు సర్దుకున్నాక గానీ ఆ తోట గుర్రపుడెక్క అనీ, దాని కింద ఉన్నది నాలుగు వీధుల మురుగునీరు అనీ మాకు తెలియలేదు.

మా ఆయన గూడ్సు రైళ్లు నడుపుతారు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు కాబట్టి ఆ వాసనలో ఆయన వాటా తక్కువ. మిగతాదంతా నాకూ, మా అత్తమ్మకూ. అత్తమ్మ పెళ్లయిన నాటి నుంచి కాజీపేట రైల్వే క్వార్టర్లలోనే బతికింది. పుట్టింది మాత్రం పెద్ద చెరువున్న ఊళ్లో. మా కొత్తింటికి వచ్చిన మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే వెనక కిటికీ తెరిచి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది.

"గిదేనా మీ లేకు వ్యూ?" అని, కిటికీ మూసి గడియ పెట్టింది. ఆ గడియ రెండేళ్లు తియ్యలేదు.

తీయించింది మా కాలనీ ప్రెసిడెంటు సారు. ఆయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ పొద్దున్నే షర్టు టక్ చేసుకుని, చంకలో ఒక ఫైలు పెట్టుకుని వాకింగ్‌కు వెళతారు. ఆయన మీద నేను చాలా జోకులు వేశాను గానీ నిజం చెప్పుకోవాలి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి మురుగు కాలవను కుంటలోకి రాకుండా పక్కకు మళ్లించింది ఆయనే. తర్వాత ఎండాకాలం జేసీబీ తెప్పించారు. అది గుర్రపుడెక్కనంతా పీకింది. కింద నుంచి సిమెంటు పెళ్లలు, రెండు పాత కమోడ్లు, చక్రాల్లేని ఒక స్కూటరు బయటపడ్డాయి. సారు గట్టు మీద నిలబడి, "ఇంకా గీకు, ఇంకా గీకు, అద్దం లెక్క ఉండాలె" అంటూనే ఉన్నారు. జేసీబీ అతను ఎర్రటి మొరం తేలేదాకా గీకాడు.

వానలకు కుంట నిండింది. కాలనీ అంతా వచ్చి సెల్ఫీలు దిగింది. అత్తమ్మ కిటికీ గడియ తీసింది.

ఏడాది తిరిగేసరికి సెల్ఫీలు ఆగిపోయాయి. కుంటలో నీళ్లున్నాయి, వాసన లేదు, అంతే. అంచుల్లో దోమ పిల్లలు తప్ప మరో ప్రాణి కనపడేది కాదు. నేను సీసాల్లో పట్టుకుపోయి ల్యాబులో పరీక్ష చేశాను. విషమేమీ లేదు. ఆ మాట అత్తమ్మకు చెప్తే ఆమె గొడుగు వేసుకుని వెళ్లి, సగం రోజు గట్టు మీద కూర్చుని వచ్చింది.

"నీళ్లున్నయి గానీ కుంట లేదు బిడ్డా" అంది.

"అంటే?"

"వానకాలమంత పోయింది. ఒక్క కప్ప అరిసిందా? ఒక్క తూనీగ కనవడ్డదా? గా జేసీబోడు కింద మట్టంత గీకి పారేసిండు. గా మట్టిలనే ఉంటయి అన్ని. గింజలు, గుడ్లు, కలువ గడ్డలు. ఎండకాలం సచ్చినట్టు పంటయి, వాన వడంగనే లేస్తయి. పాలు కాగవెట్టుకోని ఊకె సూసుకుంట కూసుంటే పెరుగైతదా? తోడెయ్యాలె గద!"

మరునాడు మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడాన్ని అడిగాను. "మీ అత్తమ్మ చెప్పింది కరెక్టే. చచ్చిపోయిన కుంటల్ని బతికించాలంటే మంచి చెరువు మట్టి తెచ్చి వేస్తారు. కానీ ఎక్కడ పడితే అక్కడి మట్టి తేవద్దు, పనికిరాని మొక్కలు కూడా దాంతో వచ్చేస్తాయి" అంది. ఇందులో మొదటి సగం చాలా శ్రద్ధగా విన్నాను. రెండో సగం మా ఆయన నా మాటలు వినే పద్ధతిలో విన్నాను.

ముందు మర్యాదగా ప్రెసిడెంటు సారు దగ్గరికే వెళ్లాం. ఆయన ఫైలు విప్పి మాకు ఒక బొమ్మ చూపించారు. కుంటకు నాలుగు వైపులా సిమెంటు గోడ, నడుమ ఫౌంటెను, దానికి రంగు లైట్లు.

"పెద్దమ్మా, కుంటల ఎవ్వరూ ఏం వెయ్యొద్దు. బయటి మట్టి అసలే వద్దు. ఎంత కష్టపడి క్లీన్ చేయించిన!" అన్నారు.

"సిమెంటు ఎప్పుడేస్తరు సారూ?" అని అత్తమ్మ చాలా వినయంగా అడిగింది.

"ఫైలు కదులుతాంది."

మెట్లు దిగుతూ ఆమె నా చెవిలో, "ఆయన ఫైలు కదిలెదాంక మనం ఊకుంటమా?" అంది. నాకు యాభై దాటాయి, కాలేజీలో పిల్లలు నన్ను చూసి నిలబడతారు. అయినా ఇంటికెళ్లగానే ఖాళీ బకెట్లు వెతకడం మొదలుపెట్టాను.

మే నెల సెలవుల్లో ఇద్దరం పాసింజరు రైలెక్కి అత్తమ్మ పుట్టినూరికి వెళ్లాం. చెరువు చాలావరకు ఎండిపోయి, నడుమ మాత్రం కొద్దిగా నీరు మిగిలింది. గొర్రెలు కాసే అతనొకడు మమ్మల్ని చూసి, పెద్దావిడ ఏదో పారేసుకుందేమో అనుకుని వెతకడానికి సాయం వచ్చాడు. అత్తమ్మ చీర పైకి దోపుకుని, చిన్నప్పుడు ఈదిన జాగాలన్నీ గుర్తు చేసుకుంటూ నడిచింది. "ఈడిది కాదు. కలువలుండేది గాడ. గా తుంగ దుబ్బల కాడిది జర తియ్యి." నేను చిన్న పారతో తవ్వాను. ఖాళీ పెయింటు బకెట్లు రెండు నింపి, మూతలు పెట్టి, పాత చీర ముక్కతో కట్టాం. నల్లటి మట్టి, చేతికి వెన్నలా తగిలింది. బరువు మాత్రం వెన్నలా లేదు.

తిరుగు రైల్లో సీటు దొరికింది గానీ ప్రశాంతత దొరకలేదు. రెండు బకెట్లను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను చూసి ఎవరు ఊరుకుంటారు? ఎదురుగా ఉన్న కాలేజీ అమ్మాయి అడిగితే అత్తమ్మ, "మొకానికి పెట్టుకునే మట్టి బిడ్డా. నా మొకం సూడు, డెబ్బై దాటినయంటే నమ్ముతవా?" అంది. ఆ పిల్ల నమ్మి, చీర ముక్క కింద వేలు పెట్టి కొంచెం అడిగి తీసుకుంది కూడా. పక్క సీటు పెద్దమనిషికేమో మోకాళ్ల నొప్పుల మందు అని చెప్పింది. ఆయన ఏ ఊళ్లో దొరుకుతుందని అడిగి, కాగితం మీద రాసుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈమె ఎవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను.

అప్పుడే టీసీ వచ్చాడు. టికెట్లు చూసి, "ఏముందమ్మా అండ్ల?" అన్నాడు.

రైల్వే మనిషికి అబద్ధం చెప్పకూడదని అత్తమ్మకు ఒక నియమం. "చెరువు సారూ" అంది.

"ఏందీ?"

"చెరువు. చిన్నగున్నది ఇప్పుడు. ఇంటికి పోయినంక పెరుగుతది."

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మూత ఎప్పుడు జరిగిందో, ఆ కాలేజీ అమ్మాయి వేలు పెట్టినప్పుడేనేమో, ఒక ఎండ్రకాయ బయటికి వచ్చి ఆయన బూటు ఎక్కుతోంది. టీసీ గారు ఆ వయసులో అంత ఎత్తు ఎగరగలరని ఆయనకే తెలిసి ఉండదు. బోగీలో సగం మంది సీట్ల మీదికి ఎక్కారు. మోకాళ్ల నొప్పుల పెద్దమనిషి అందరికంటే ముందు ఎక్కాడు. అత్తమ్మ వంగి, ఎండ్రకాయను వెనక నుంచి ఒడుపుగా పట్టుకుని, మళ్లీ బకెట్లో వేసి మూత బిగించింది. "దీనికి టికెట్ లేదు సారూ, పసిది" అంది. టీసీ నవ్వలేదు. అయితే ఏమీ రాయలేదు కూడా, తర్వాతి బోగీలోకి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం, కాలనీ అంతా కూలర్ల కింద గుర్రు పెట్టి నిద్రపోతుండగా, మేము నీళ్లు అడుగంటిన కుంటలోకి దిగాం. జేసీబీ దిగిన వైపు నేల ఏటవాలుగా ఉంది. లోతులో వేస్తే లాభం లేదనీ, ఎండ తగిలే చోటే ఉండాలనీ అత్తమ్మ ఆ అంచునే మట్టిని గుప్పెళ్లతో పరిచింది. ఎండ్రకాయ తనకు నచ్చిన వైపు వెళ్లిపోయింది. చివర్లో ఆమె కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసింది. నా కాళ్లు కాలుతున్నాయి, త్వరగా కానియ్యమని మనసులో దేవుడికి నేనూ ఒక ముక్క చెప్పుకున్నాను.

అలా ఆ నెలలో మూడుసార్లు వెళ్లి తెచ్చాం. మూడోసారికి నాకు కొంచెం గర్వం వచ్చింది. అన్నీ అత్తమ్మ ఊరి నుంచేనా, నా వంతు ఏదైనా ఉండాలి కదా అని, కాలేజీకి వెళ్లే దారిలో ఒక మడుగు దగ్గర సంచీ నిండా మట్టి తవ్వి తెచ్చి, ఆమెకు చెప్పకుండా వేశాను.

వానలు పడ్డాయి. వారం రోజులు ఏమీ లేదు. అత్తమ్మ రోజూ కిటికీలోంచి చూసి, వచ్చి బియ్యం ఏరుకునేది. పదో రోజు సాయంత్రం ఒక కప్ప అరిచింది. ఒక్కటే. ఆమె చేటను కింద పెట్టి అలాగే నిలబడిపోయింది. మర్నాటికి అవి ఎన్నో లెక్క తెలియనంతగా అరిచాయి. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన కిటికీ మూయమన్నారు.

"రైలింజను సప్పుడుల నిద్రవట్టింది నీకు, కప్పల సప్పుడుకు పడ్తలేదా? మూసేది లేదు" అంది అత్తమ్మ.

తర్వాత రోజుకో వింత. అంచున సన్నటి తుంగ లేచింది. నీళ్లమీద అరచేయంత కలువాకులు పరుచుకున్నాయి. తూనీగలు వచ్చాయి, దోమ పిల్లలు తగ్గాయి. ఆ సంబరంలో ఉండగానే ఒక పొద్దున నాకు ఒక మొక్క కనిపించింది. గుండ్రటి నున్నటి ఆకు, ఉబ్బిన కాడ. గుర్రపుడెక్క. సరిగ్గా నా సంచీ మట్టి వేసిన చోటే.

అత్తమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె తిట్టలేదు. "నా మట్టిల కలువలు మొలిసినయి, నీ మట్టిల గిది మొలిసింది" అని మాత్రం అంది. ఆ మాట నెల రోజులపాటు, పప్పులో ఉప్పు ఎక్కువైన ప్రతిసారీ, అంటూనే ఉంది.

ఎవరూ లేవకముందే పీకేద్దామని తెల్లవారుజామున ఇద్దరం మోకాలిలోతు నీళ్లలోకి దిగాం. మూడు మొక్కలు పీకి సంచీలో వేశామో లేదో, గట్టు మీద టక్ చేసిన షర్టు కనిపించింది.

"ఏం చేస్తాన్రు మేడం?" అన్నారు ప్రెసిడెంటు సారు.

నేను సంచీని వెనక్కి దాచుకున్నాను. అత్తమ్మ మాత్రం తడుముకోకుండా, "చెప్పు వడ్డది సారూ, దేవులాడుతానం" అంది.

ఆయన గట్టు మీద వరసగా విడిచిన చెప్పుల వైపు చూశారు. "నాలుగున్నయి గదమ్మా."

"ఐదోది సారూ."

ఆయన ఇంకేమీ అడగలేదు. వెనక్కి తిరిగి, వాకింగ్‌లో ఎప్పుడూ చూడనంత వేగంగా వెళ్లిపోయారు. అంత తేలిగ్గా ఎలా వదిలారా అని మేము ఆశ్చర్యపోయాం. మూడు వారాలపాటు వెతికి వెతికి, ఆఖరి గుర్రపుడెక్క పిలక దాకా ఏరేశాం.

వానాకాలం సగంలో ఒక జత పిట్టలు వచ్చాయి. కోడిపిల్లంత ఉంటాయి, గోధుమరంగు. చూస్తుండగానే మునిగి, ఎక్కడో దూరంగా తేలతాయి. అత్తమ్మ వాటిని బుడుబుంగలు అంది. అవి తుంగ పక్కన నీళ్లమీద కుళ్లిన ఆకులూ నాచూ కుప్ప వేశాయి. దూరం నుంచి చూస్తే ఎవరో చెత్తబుట్ట బోర్లించినట్టే ఉంది.

ప్రెసిడెంటు సారుకు కూడా అలాగే కనిపించింది. అప్పటికే గడ్డి మొలిచిందనీ, పాచి పట్టిందనీ ఆయన వాట్సాప్ గ్రూపులో బాధపడుతున్నారు. ఒక ఉదయం కొక్కెం కట్టిన పొడవాటి వెదురు కర్ర పట్టుకుని స్వయంగా దిగారు. మేము కిటికీలోంచి చూస్తున్నాం. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి. అరిస్తే పిట్టలు బెదిరిపోతాయి, ఊరుకుంటే గూడు పోతుంది.

ఆయన కర్ర చాపారు. కొక్కెం కుప్పకు జానెడు దూరంలో ఉండగా, నీళ్లలోంచి ఒక పిట్ట బుడుక్కున పైకి తేలి, ఆ చెత్త మీదికి ఎక్కి, ముక్కుతో పై ఆకులు ఒక్కొక్కటీ పక్కకు లాగింది. కింద గుడ్లు. అది పొదగటానికి మెల్లగా సర్దుకుని కూర్చుంది. సారు కర్ర చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. తర్వాత దాన్ని చప్పుడు కాకుండా కిందికి దించి, ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే బురదలో చతికిలబడ్డారు. అలా ఎంతసేపు కూర్చున్నారో, మా ఇంట్లో ఇడ్లీలు ఉడికి, చల్లారిపోయాయి కూడా.

తర్వాత నేరుగా మా గేటు దగ్గరికి వచ్చారు. చంకలో ఫైలు లేదు.

"మేడం, గా చెత్తల గుడ్లున్నయి" అన్నారు, గుసగుసగా, పిట్టకు వినబడుతుందేమో అన్నట్టు. "పోయేటప్పుడు ఆకులు కప్పి పోతాంది. తాళమేసినట్టు!"

ఆ రోజు నుంచి కుంట ఆయనదైపోయింది. గట్టు చుట్టూ తాడు కట్టించారు, బోర్డు పెట్టించారు, మెడలో విజిలు వేసుకున్నారు. సిమెంటు గోడ సంగతి ఎవరో గుర్తు చేస్తే, "గోడ కడితే అది గూడు ఏడ పెడ్తది? జర ఆలోచన ఉండాలె మనిషికి" అని, గోడ ఆలోచన అవతలివాడిదే అన్నట్టు కోప్పడ్డారు. గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. మొహం మీద చారలు. అవి తల్లి వీపు మీదెక్కి తిరుగుతుంటే సారు ఇంటింటికీ ఫోను చేసి లేపారు. ఆయన అంత గట్టిగా నవ్వగలరని మాకు ఆ ఉదయమే తెలిసింది.

తర్వాత నెల అసోసియేషన్ మీటింగులో ఆయన ఉపన్యాసమిచ్చారు. "మనం క్లీన్ చేసి వదిలిపెట్టినం. ఎవ్వరూ చెయ్యి పెట్టలే. ప్రకృతి తనంతట తనే..."

అత్తమ్మ మోకాలు ఊగడం మొదలైంది. నోరు విప్పనని ఇంట్లో నాకు మాట ఇచ్చే వచ్చింది.

"...తనంతట తనే వచ్చింది!"

"తనంతట తనే వచ్చిందా?" అత్తమ్మ లేచి నిలబడింది. "రైలెక్కి వచ్చింది సారూ! మూడుసార్లు మోసినం, నా నడుము వడిపోయింది. మీరు వద్దన్నా ఏసినం. ఇగ ఏం చేస్తరో చేస్కోండ్రి!"

నేను కుర్చీలో కిందికి జారిపోయాను. సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అంటే... గా పగటిపూట మీరు నల్లగ పోసింది... మట్టేనా?" అన్నారు.

"మరేమనుకున్నరు?"

ఆయన తల గోక్కున్నారు. ఆ మధ్యాహ్నం తన మేడ మీది కిటికీలోంచి మమ్మల్ని చూశారట. అత్తమ్మ చేతులెత్తి ఏదో చదవడమూ చూశారట. "ఎవరికో గట్టి దిష్టి తీసి కుంటల పారబోస్తాన్రనుకున్న. తెల్లారుజామున మళ్ల దిగిన్రు. నాకు భయమైంది. అందుకే కొన్ని దినాలు ఆ గట్టుకు పోవుడు బంద్ చేసిన."

"దిష్టా? మేం ఆదివారమాదివారం చర్చికి పోయెటోళ్లం సారూ!" అని అత్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. మొదట వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. సారు కూడా. ఆయన దిష్టికి భయపడి గట్టు వైపు రాకపోవడం వల్లనే మా మొలకలు తొక్కుడు పడకుండా బతికాయని నేను ఇంటికొచ్చాక లెక్క తేల్చుకున్నాను.

ఇప్పుడు అంతా బాగుందని చెప్పను. పెళ్లిళ్ల సీజనులో ప్లాస్టిక్ గ్లాసులు కొట్టుకొస్తాయి. గుర్రపుడెక్క పిలక ఒకటో రెండో ప్రతి వానకూ ఎక్కడినుంచో దిగుతుంది, నేను వెళ్లి పీకుతాను, అది నా పనిగా ఖాయమైంది. ఎండాకాలం కుంట బాగా తగ్గి బుడుబుంగలు వెళ్లిపోయినప్పుడు సారు నాలుగు రోజులు వాకింగుకు రాలేదు. మళ్లీ వానలకు ఒక జత వచ్చింది. పాతవో కొత్తవో ఎవరికి తెలుసు? సారు మాత్రం పాతవే అంటారు.

గత ఏడాది పెద్ద వానకు పైపొలాల నీళ్లు పొంగి కుంటలోకి కొర్రమట్ట చేపలు వచ్చాయి. అప్పటినుంచి అత్తమ్మకూ, సారుకూ కొత్త తగాదా. "నాలుగు పట్టుకుంటే కుంటకేం తక్కువైతది? చెరువంటే తినుడు గూడ ఉంటది" అని ఆమె. "ఒక్కటి పట్టినా ఊకోను" అని ఆయన. గాలం వేస్తుందేమోనని ఆమె గట్టు మీద కూర్చున్నంతసేపూ ఆయనా కాస్త దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు.

మొన్న ఆదివారం మేము చర్చి నుంచి వస్తుంటే సారు వాళ్ల వంటింట్లోంచి చేపల పులుసు వాసన గుప్పుమంది. అత్తమ్మ ఆటో ఆపించి, దిగి, గేటు కొట్టింది. "సారూ, ఏడిది చేప?"

"మార్కెట్‌దమ్మా! ప్రమాణంగా మార్కెట్‌ది!" సారు గరిటెతోనే బయటికి వచ్చారు. ఆమె నమ్మలేదు. ఆయన లోపలికి వెళ్లి గిన్నెడు పులుసు తెచ్చి మా చేతుల్లో పెట్టారు, మీరే తిని చెప్పండని.

ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా అత్తమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. నేను, మా ఆయన తీర్పు కోసం ఎదురు చూశాం.

"మార్కెట్ చేపనే" అంది చివరికి, చాలా నిరాశగా. "పాపం, నిజమే చెప్పిండు." అని, గిన్నె తన వైపు లాక్కుని అన్నం వడ్డించుకుంది.